ఒకే కారు, రెండు మైలేజీలు

అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ వెంకటేశ్వరస్వామి గుడి పార్కింగులో, 87 అడుగుల రాజగోపురం నీడన, ప్రసాదం పొట్లాలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు తెలుగువాళ్ల మాటలు ఎక్కడ మొదలైనా ఒకచోట తేలతాయి.

"మీది ఎంతిస్తోందండీ?"

అడిగింది జీతం గురించి కాదు, మైలేజీ గురించి.

ఇద్దరివీ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది చిన్న సెడాన్లు. ఇళ్లు కూడా ఒకే కాలనీలో. ఒకాయనకి గ్యాలనుకి 38 మైళ్లు వస్తోంది. రెండో ఆయనకి 27 దాటడం లేదు. కొన్ననాడు రెండు కార్ల కిటికీ అద్దాల మీదా ఉన్న స్టిక్కర్ మాత్రం ఒకే అంకె చెప్పింది: 33. లెక్క సులువుగా సాగుతుందని ఈ అంకెలు నేనే ఎంచుకున్నాను. ఇలాంటి జంట మాత్రం ఏ కాలనీలో వెతికినా దొరుకుతుంది. పేర్లతో మనకి పనిలేదు. ఒకరిని ముప్పైఎనిమిదిగారు అందాం, ఇంకొకరిని ఇరవైఏడుగారు అందాం.

గుంటూరు నుంచి వచ్చిన ఇరవైఏడుగారి మావయ్యగారికి గ్యాలన్ల లెక్క ఎక్కదు. గ్యాలనుకి 33 మైళ్లంటే లీటరుకి 14 కిలోమీటర్లు. 27 అంటే పదకొండున్నర. "మన పాత మారుతీ ఇంతకన్నా నయం గదా అల్లుడుగారూ! మిమ్మల్నెవరో మోసం చేశారు" అని ఆయన తీర్పు చెప్పేశారు.

మోసమా? అయితే ఎవరు చేశారు? ఈ చిక్కుముడి వయసు యాభై ఏళ్లు. ఒక్కో పోగూ పట్టుకుని లాగి చూద్దాం.

మొదటి పోగు: పంపు

మన ఊళ్లో పెరిగినవాడి అనుమానం ముందుగా పోయేది బంకు మీదకే. "జీరో చూసుకోండి సార్" అన్న కేక విని మీటరు వైపు కళ్లు తిప్పడం మనకి చిన్ననాటి నుంచీ అలవాటు. కాబట్టి ముందు పంపునే నిలదీద్దాం.

నార్త్ కరోలినాలో పెట్రోలు పంపులను తనిఖీ చేసేది రాష్ట్ర వ్యవసాయ శాఖ. మన తూనికలు కొలతల శాఖ చేసే పని ఇక్కడ వాళ్లు చేస్తారు. అయిదు గ్యాలన్ల కొలపాత్రలోకి పంపు కొట్టించి చూస్తారు. అటూ ఇటూ ఆరు ఘనపు అంగుళాల తేడా వరకూ ఒప్పుకుంటారు. అయిదు గ్యాలన్లంటే 1155 ఘనపు అంగుళాలు. అంటే తేడా మహా అయితే అర శాతం. మన ఇద్దరి మధ్య తేడా నలభై శాతం. పైగా ఇద్దరూ పోయించుకునేది ఒకే స్టేషనులో. కనుక పంపు నిర్దోషి.

రెండో పోగు: కొలిచిన తీరు

డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె కారు తనకు తాను ఇచ్చుకున్న మార్కు. దాన్ని పక్కన పెడదాం. నమ్మదగింది మన పాత పద్ధతే: ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండా కొట్టించి, తిరిగిన మైళ్లని పోసిన గ్యాలన్లతో భాగించడం. ఒక్క ట్యాంకుతో తేల్చకూడదు. పంపు ఒకసారి ముందే టక్కున ఆగుతుంది, ఇంకోసారి కాస్త ఎక్కువ పడుతుంది. నాలుగైదు ట్యాంకులు కలిపి లెక్కిస్తే ఆ హెచ్చుతగ్గులు సర్దుకుపోతాయి. ఇద్దరూ అలాగే లెక్కించారు. అయినా తేడా అలాగే ఉంది.

మూడో పోగు: స్టిక్కర్ పుట్టుక

ఇక అనుమానం స్టిక్కర్ మీదకి మళ్లింది. దాని పుట్టుక ఎక్కడో చూడాలి.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. అమెరికా పంపుల దగ్గర బారులు తీరిన కార్లను చూసి, 1975లో అమెరికన్ కాంగ్రెస్ ఒక ఇంధన చట్టం చేసింది. కారు ఎంత తాగుతుందో కొనేవాడికి ముందే తెలియాలన్నది అందులో ఒక సంగతి. కొలిచే పని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏకి వచ్చింది. ఈపీఏ పెద్ద ఆవరణల్లో ఒకటి క్యారీకి పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉంది. కానీ కార్ల కొలత అక్కడ జరగదు. ఆ ప్రయోగశాల మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో ఉంది. అక్కడ కూడా అన్ని కార్లనూ పరీక్షించరు. కంపెనీలు తమ కార్లను తామే పరీక్షించి లెక్క పంపుతాయి. ఈపీఏ వాటిలో కొన్నిటిని తీసుకుని సరిచూస్తుంది.

కారు రోడ్డెక్కదు. రోలర్ల మీద నిలబడి చక్రాలు తిప్పుతుంది. తెర మీద కదిలే వేగపు గీతను డ్రైవరు అనుసరిస్తాడు. ఆ గీత ఎక్కడిది? నగర పరీక్ష గీతకి మూలం 1960లలో లాస్ ఏంజెలెస్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లే దారి. ఏడున్నర మైళ్ల దూరం, సగటు వేగం గంటకి 20 మైళ్ల లోపు. అప్పటి రోలర్ యంత్రాలు గట్టి తోపు తట్టుకోలేవని, సెకనుకి పెరిగే వేగాన్ని గంటకి 3.3 మైళ్ల దగ్గర కట్టేశారు. సిగ్నల్ పచ్చబడగానే మనం తొక్కే తొక్కుడికి ఆ గీతలో చోటే లేదు.

హైవే పరీక్ష ఇంకా సాధువు. 10 మైళ్ల పైచిలుకు దూరం, సగటు వేగం 48, ఎప్పుడైనా 60 మించదు. ఎందుకంటే 1974లో దేశమంతటా వేగ పరిమితి 55గా పెట్టారు. 1995లో ఆ పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు క్యారీ పక్కనున్న 540 టోల్ రోడ్డు మీద 70కి తగ్గితే వెనకాల కారు వీపు మీదకి వస్తుంది.

అదీ సంగతి: అరవైల నాటి లాస్ ఏంజెలెస్ దారి మీద, డెబ్బైల నాటి వేగ పరిమితితో కొలిచిన అంకె అది. చిక్కు విడిపోయినట్టే అనిపిస్తుంది. కానీ అప్పుడే సంబరపడకూడదు.

నాలుగో పోగు: దిద్దుబాట్లు

జనం మొదటి నుంచీ గొణుగుతూనే ఉన్నారు. ఆ గొణుగుడు ఈపీఏ చెవిన పడకపోలేదు. 1985 మోడళ్ల నుంచి ప్రయోగశాలలో వచ్చిన నగర అంకెలో 10 శాతం, హైవే అంకెలో 22 శాతం కోసి స్టిక్కర్ మీద వేశారు. అదీ చాలలేదు. 2008 మోడళ్ల నుంచి మరో మూడు పరీక్షల అనుభవాన్ని లెక్కలోకి తెచ్చారు. ఒకటి 80 మైళ్ల దాకా పోయే దూకుడు పరీక్ష. ఒకటి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఏసీ వేసి చేసేది. మూడోది 20 డిగ్రీల చలిలో చేసేది.

ఆ దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో టొయోటా ప్రియస్ చెబుతుంది. పాత పద్ధతిలో దానికి నగరంలో 60, హైవే మీద 51. కొత్త పద్ధతిలో అదే కారుకి 48, 45. రాత్రికి రాత్రి కారేమీ మారలేదు, కొలిచే చేయి మారిందంతే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడింది. కొత్త లెక్కలో, రోలర్ల మీద ఎంత ప్రయత్నించినా కొలవలేని వాటి కోసం, అంటే ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, గాలి తగ్గిన టైర్లు, ఎథనాల్ కలిసిన పెట్రోలు, వీటన్నిటికీ కలిపి మరో తొమ్మిదిన్నర శాతం ముందే తగ్గించేశారు.

ఎథనాల్ మాట వచ్చింది కనుక దాని వాంగ్మూలం కూడా వినాలి. పెట్రోలుతో పోలిస్తే ఎథనాల్‌లో శక్తి సుమారు మూడోవంతు తక్కువ. పదిశాతం కలిపితే మైలేజీ మూడు శాతం దాకా పడుతుంది. ఇండియాలో 20 శాతం కలిపిన పెట్రోలు వచ్చాక మావయ్యగారి కాలనీలో కూడా ఇదే గోల. 2021లో నీతి ఆయోగ్ నివేదికే, పాత రకం కార్లకి ఆరేడు శాతం తగ్గుతుందని చెప్పింది. కానీ క్యారీ కేసులో ఎథనాల్ శిక్ష ముందే అనుభవించేసింది. 33 అన్న అంకె ఆ కోత పడ్డాక మిగిలిందే.

కాబట్టి స్టిక్కర్ పాతబడిందన్న వాదన కొత్త కార్ల విషయంలో నిలబడదు. ముప్పైఎనిమిదిగారు స్టిక్కర్‌ని మించిపోయారన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్టిక్కర్ అబద్ధమైతే ఆయనకెలా వచ్చింది?

అయిదో పోగు: కంపెనీ

పోనీ కంపెనీయే అబద్ధం ఆడిందా? ఆడిన దాఖలా లేకపోలేదు. 2012 నవంబరులో హ్యుందాయ్, కియా కంపెనీలు సుమారు తొమ్మిది లక్షల కార్ల స్టిక్కర్లను దిద్దుకోవలసి వచ్చింది. పట్టుబడింది చిన్న చోట. రోలర్ల మీద ఎంత బరువు మోపాలో తెలియాలంటే ముందు కారుని మైదానంలో వేగంగా నడిపి, న్యూట్రల్‌లో వదిలి, అది ఎంతసేపటికి నెమ్మదిస్తుందో చూడాలి. ఎన్నో పరుగులు తీసి సగటు చెప్పాల్సింది పోయి, అనుకూలంగా వచ్చినవాటిని ఎంచుకున్నారని ప్రభుత్వం అభియోగం. 2014లో పది కోట్ల డాలర్ల జరిమానాతో రాజీ కుదిరింది.

కోర్టుకెక్కిన కొనుగోలుదారు కథ కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఒకావిడ తన 2006 హోండా సివిక్ హైబ్రిడ్ చెప్పినంత ఇవ్వలేదని చిన్న దావాల కోర్టుకి వెళ్లింది. 2012 ఫిబ్రవరిలో 9,867 డాలర్లు ఇమ్మని తీర్పు వచ్చింది. మే నెలలో పై కోర్టు దాన్ని కొట్టేసింది. స్టిక్కర్ మీద అంకె ఫెడరల్ నిబంధనల ప్రకారం వేసినదేనన్నది కంపెనీకి అక్కరకొచ్చిన మాట.

మన కేసుకి ఈ పోగు పనికిరాదు. కంపెనీ మోసం చేసి ఉంటే ఇద్దరూ ఒకేలా మోసపోవాలి గదా.

ఆరో పోగు: మన దారి

కారులో, కాగితంలో, పంపులో దొరకనిది ఇక దారిలోనే దొరకాలి. ఈ పోగు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పక్కనే రాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ ఫ్రే అనే ఆచార్యుడి బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. పొగగొట్టానికి చిన్న ప్రయోగశాలలాంటి పెట్టెను తగిలించి, ఇంజను కంప్యూటరుకి తీగ కలిపి, జీపీఎస్ పెట్టి, కార్లను మన రోడ్ల మీదే నడిపారు. యూనివర్సిటీ నుంచి ఉత్తర రాలీ, అక్కడి నుంచి రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు, ఇలా సుమారు 110 మైళ్ల దారులు. పొద్దున్నే మనం ఆఫీసులకి పోయే దారులు ఇలాంటివే. ఈ ఫ్రేగారే తర్వాత ఈపీఏలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

రోడ్డు వాలు లెక్క వాళ్లకి ఎలా దొరికిందో వింటే ముచ్చటేస్తుంది. 1999లో ఫ్లాయిడ్ తుపాను ఈ రాష్ట్రాన్ని ముంచెత్తింది. ఏ ఇల్లు మునుగుతుందో ముందే తెలియాలని, ఆ తర్వాత విమానాల నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలన్నీ కొలిపించి వరద పటాలు గీశారు. ఆ కొలతల నుంచే ఫ్రే బృందం రోడ్ల వాలు లెక్కగట్టింది. వరద కోసం గీసిన పటం పెట్రోలు లెక్కకి పనికొచ్చింది.

వాలు అంత ముఖ్యమా? క్యారీ నేల చూడండి. మన వైపులాగే ఎర్రమట్టి, కానీ ఎక్కడా చదును కాదు. దిగితే వాగు, ఎక్కితే కాలనీ. 1999లో హోసే హిమెనెస్ అనే పరిశోధకుడు ఎంఐటీలో ఒక సూత్రం కట్టాడు. టన్ను బరువుకి ఇంజను మీద ఎంత భారం పడుతుందో వేగం, త్వరణం, వాలులతో చెప్పేస్తుంది. మామూలు కార్లకి వాడే గుణకాలతో నేను లెక్క వేసి చూశాను. 35 మైళ్ల వేగంతో చదునులో పోయే కారు నూటికి నాలుగు వాలు ఎక్కితే భారం దాదాపు మూడింతలవుతుంది. దిగేటప్పుడు ఎక్కిన కష్టంలో చాలా భాగం తిరిగొస్తుంది, వాలు కింద సిగ్నల్ ఎర్రగా లేకపోతేనే సుమా. ఎర్రగా ఉంటే ఆ కష్టమంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది.

అదే సూత్రంతో 55 నుంచి 70కి పెంచితే మైలుకి పడే భారం మూడోవంతుకు పైగా పెరుగుతుంది. దోషి గాలి. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది.

ఏడో పోగు: ఆగిన ప్రతిసారీ

ఇక చివరిది, అందరికీ కనిపించేది, ఎవరూ లెక్కించనిది. సుమారు 1300 కిలోల కారు 45 మైళ్ల వేగంలో పోతూ పూర్తిగా ఆగి మళ్లీ ఆ వేగం అందుకోవడానికి ఎంత పెట్రోలు కావాలి? ఇంజను నూటికి పాతిక పాళ్లు పనిగా మారుస్తుందనుకుంటే సుమారు 34 మిల్లీలీటర్లు. మన ఇరానీ చాయ్ కప్పులో దాదాపు సగం. క్యారీ పార్క్‌వే మీద పది సిగ్నళ్ల దగ్గర ఆగితే మూడో వంతు లీటరు పోయినట్టే. 33 లెక్కన అది మూడు మైళ్ల పెట్రోలు. ప్రియస్‌కి హైవే కన్నా ఊళ్లోనే ఎక్కువ వచ్చే వింతకి గుట్టు కూడా ఇదే: బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత అది బ్యాటరీలో దాచుకుంటుంది.

దీనికి తోడు చల్లారిన ఇంజను. మూడు నాలుగు మైళ్ల ప్రయాణంలో ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ఊరొచ్చేస్తుంది. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో ఇలాంటి పొట్టి ప్రయాణాలకి మైలేజీ 24 శాతం దాకా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. క్యారీలో అంత చలి అరుదు కానీ, జనవరి తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టడం మామూలే. జులైలో బాధ తిరగబడుతుంది: కాగిపోయిన కారులో కూర్చుని ఏసీ పూర్తిగా పెడతాం, అది చల్లబడేసరికి గమ్యం వచ్చేస్తుంది. ఆపిన కారు కూడా తాగుతుంది. ఇంజను సైజునీ ఏసీనీ బట్టి గంటకి పావు నుంచి అర గ్యాలను.

ముడి విప్పితే

ఇప్పుడు ఇద్దరి రోజూ పక్కపక్కన పెడదాం.

ముప్పైఎనిమిదిగారు ట్రాఫిక్ కమ్మకముందే బయల్దేరతారు. కాలనీ దాటితే హైవేనే. 60కీ 65కీ మధ్య కాలు కదపకుండా ఇరవై మైళ్లు పోతారు. రోజంతటిలో చల్లారిన ఇంజను రెండుసార్లే మొదలవుతుంది. ఆ రెండుసార్లకీ ఇరవై మైళ్ల చొప్పున పంచితే నష్టం కనపడదు.

ఇరవైఏడుగారు ఇంటి నుంచే పని చేస్తారు. పొద్దున మూడు మైళ్లు బడికి. అక్కడ కార్‌పూల్ లైనులో, అంటే పిల్లల్ని దింపే కార్ల బారులో, ఇరవై నిమిషాలు ఇంజను ఆపకుండా. ఆ ఒక్క బారులోనే సుమారు 300 మిల్లీలీటర్లు తాగి సున్నా మైళ్లు నడిచింది. మధ్యాహ్నం కరివేపాకు కోసం రెండు మైళ్లు. సాయంత్రం పాపని కూచిపూడి క్లాసుకి, బాబుని లెక్కల ట్యూషనుకి. ప్రతిసారీ ఇంజను మళ్లీ చల్లగా మొదలు. ప్రతి దారిలో వాగు, వాలు, సిగ్నల్.

స్టిక్కర్ ఈ ఇద్దరినీ, ఇంకా దేశంలో ఉన్న కోట్లమందినీ కలిపి సగటు మనిషి ఒకణ్ణి ఊహించి అతనికి 33 అని చెప్పింది. ఆ సగటు మనిషి క్యారీలో ఏ ఇంట్లోనూ ఉండడు. మానికతో కొలిస్తే ఏ బస్తా బియ్యం ఎంతో తెలుస్తుంది. అన్నం ఎంత అవుతుందో మన గిన్నె, మన మంట, మనం పోసే నీళ్లు చెప్పాలి. స్టిక్కర్ మానిక లాంటిది. రెండు కార్లలో ఏది మెరుగో తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన కొలత కొనేవాడికి లేదు. నీ ఇంట్లో ఎంత వస్తుందని దాన్ని అడగడమే తప్పు.

అయితే ఇక్కడితో కేసు మూసేస్తే పార్కింగులో గెలిచింది ముప్పైఎనిమిదిగారే అనిపిస్తుంది. ఇంకో పోగు మిగిలింది.

క్యారీ నుంచి అరగంట దూరంలో, డర్హంలోని డ్యూక్ యూనివర్సిటీలో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు ఆచార్యులు 2008లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. గ్యాలనుకి ఎన్ని మైళ్లు అన్న కొలతే మన కళ్లకి గంతలు కడుతుందన్నది దాని సారం. లెక్క వేసి చూడండి. ఏడాదికి పదివేల మైళ్లు తిరిగితే, అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసే పెద్ద వ్యానుని 18 నుంచి 22కి మారిస్తే 101 గ్యాలన్లు మిగులుతాయి. 33 ఇచ్చే చిన్న కారుని 50 ఇచ్చే హైబ్రిడ్‌గా మారిస్తే మిగిలేది 103. నాలుగు మైళ్ల పెరుగుదలా, పదిహేడు మైళ్ల పెరుగుదలా దాదాపు ఒకటే! తర్వాత 2013 మోడళ్ల నుంచి స్టిక్కర్ మీద, వంద మైళ్లకి ఎన్ని గ్యాలన్లు అన్న అంకె కూడా చేరింది. ఎక్కువమంది దాని వైపు చూడరు.

ఆ అంకెతో మన ఇద్దరినీ మళ్లీ నిలబెడదాం. ముప్పైఎనిమిదిగారు ఏడాదికి 15,000 మైళ్లు తిరుగుతారనుకుందాం. తాగింది 395 గ్యాలన్లు. ఇరవైఏడుగారు ఆ బడికీ ఈ క్లాసుకీ తిరిగినదంతా కలిపితే 5,000 మైళ్లు. తాగింది 185. మైలేజీలో ఓడిన ఆయన ఇంట్లో సగానికి సగం కూడా కాలలేదు. ఆయన నానా తంటాలు పడి 33 సాధించినా ఏడాదికి మిగిలేది 34 గ్యాలన్లే.

చిక్కంతా మన మాటలోనే ఉందేమో. కారు గురించి తెలుగులో రెండు ప్రశ్నలున్నాయి. గొప్ప చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు "ఎంతిస్తుంది?" అంటాం. విసుగొచ్చినప్పుడు "ఎంత తాగుతుంది?" అంటాం. మొదటిది స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె, రెండోది దాని పక్కన చిన్నగా ఉన్నది. జేబుకి తెలిసేది రెండోదే.

వచ్చే శనివారం గోపురం నీడలో ముప్పైఎనిమిదిగారు మళ్లీ ఎదురుపడితే, ఇరవైఏడుగారు పులిహోర పొట్లం విప్పుకుంటూ అడగాల్సిన మాట ఒకటే:

"పోయిన నెల మీది ఎంత తాగిందండీ?"